వెదురు గడకు ఇవతల ఏడు రోజులు

అరకు వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే పాట. బొర్రా గుహలు చూశావా, కాఫీ తోటలు చూశావా, ఫోటోలేవి? గుహలు చూడలేదు. కాఫీ తోటల పక్కనే వారం పైగా ఉన్నా చుక్క కాఫీ దొరకలేదు. ఫోటో ఒక్కటి ఉంది. అందులో నేను ఆకుల గుడిసె ముందు మూతికి మాస్కు కట్టుకుని, జుట్టు రేగిపోయి, దొంగతనానికి వచ్చి దొరికిపోయినట్టు నిలబడి ఉన్నాను. అది చూపించి అందరికీ విడివిడిగా కథ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒక్కసారి రాసేస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక బాలికల హైస్కూల్లో తెలుగు చెబుతాను. పుట్టింది విజయనగరం దగ్గర పల్లె. ఇరవై అయిదేళ్లుగా ఇక్కడే ఉన్నా, కోపం వచ్చినా భయం వేసినా నా నోటి నుంచి ఆ ఊరి మాటే వస్తుంది. మా చెల్లెలు వసంత నర్సు. ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది, అక్కడే పనిచేసే బలరాం అనే టీచరును పెళ్లి చేసుకుంది. అతను కొండ ఊరి మనిషి. మా ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచింది నేను. "ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అన్నాను. అన్నట్టే తొమ్మిదేళ్లు ముట్టలేదు.

ఈ ఏడాది, రెండువేల తొమ్మిది, వానాకాలంలో వసంత నుంచి ఉత్తరం వచ్చింది. రెండుసార్లు కడుపు పోయాక ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టిందట. పుట్టినప్పుడు కిలోన్నర కూడా లేదు. నలభై రోజులు విశాఖ ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి, ఇప్పుడిప్పుడే ఇంటికి పంపారు. "మామూలు జలుబు తగిలినా ఈ పిల్ల తట్టుకోదని డాక్టరుగారు చెప్పారక్కా. ఎవరినీ రానివ్వడం లేదు. నువ్వు మాత్రం రా. ఒక్కసారి ఎత్తుకో. పేరు నువ్వే పెట్టాలి" అని రాసింది. ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మర్నాడు విమానం టికెట్టు కొన్నాను. రైళ్లు దండిగా ఉండగా విమానం ఎందుకంటే, రైల్లో వందమంది దగ్గుతారు, విమానం శుభ్రంగా ఉంటుందని నా తెలివి.

బయలుదేరే బల్ల దగ్గర

స్వైన్ ఫ్లూ రోజులు కదా. పేపరు తెరిస్తే అదే, టీవీ పెడితే అదే. మందుల షాపులో అయిదు రూపాయల మాస్కు యాభైకి అమ్మారు, అదీ తెలిసినవాళ్లకే. నేను మూడు సంపాదించాను. ఎయిర్‌పోర్టులో సగం మంది మాస్కులు పెట్టుకున్నారు, మిగిలిన సగం మంది జేబురుమాళ్లు కట్టుకున్నారు. ఒకాయన మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని ఫోన్లో గట్టిగా అరుస్తున్నాడు. మాస్కు పెట్టుకుంటే నా కళ్లజోడుకు ఆవిరి పట్టి మనుషులంతా మబ్బులో నడుస్తున్నట్టు కనిపించారు.

లోపలికి వెళ్లే ముందు ఒక బల్ల వేసి ఇద్దరు నర్సులను కూర్చోబెట్టారు. అందరికీ ఒక కాగితం ఇస్తున్నారు. పేరు, ఫోను నంబరు, సీటు నంబరు, కింద ఒకే ప్రశ్న: గత పది రోజుల్లో జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నాయా? ఉంటే ఒక గడి, లేకపోతే ఒక గడి. నా ముందు నలభై ఏళ్లాయన ఒకడు కాగితం మీద పెన్ను పెట్టి అలాగే నిలబడిపోయాడు. వెనక లైను పెరిగిపోతోంది. నాకు పిల్లల్ని తరిమే అలవాటు కదా, ఊరుకోలేను.

"ఏం నాయనా, పరీక్ష రాస్తున్నారా?" అన్నాను.

"కొంచెం దగ్గుందండీ. ఓడ మీద నుంచి వస్తున్నాను. చల్లగాలికి పట్టుకున్నట్టుంది. ఏం పెట్టమంటారు?"

"లేదని పెట్టి కదలండి. ఇవన్నీ ఎవరు చదువుతారు?"

ఆయన లేదని పెట్టాడు. లైను కదిలింది. నేనూ లేదని పెట్టాను, నాకు నిజంగానే ఏమీ లేదు.

పద్నాలుగో వరుస

చూస్తే ఆయన సీటు నా పక్కనే. మాస్కు లేదు. నా దగ్గరున్న రెండో మాస్కు ఇచ్చాను. పదకొండు నెలలు సముద్రం మీదే ఉన్నాడట, ఓడ ఇంజను గదిలో పని. మూడేళ్ల కూతురు ఉందని, తనను గుర్తుపడుతుందో లేదో అని దారి పొడుగునా అదే మాట. మనిషి మంచివాడు. కాకపోతే దగ్గు వచ్చిన ప్రతిసారీ మాస్కు కిందికి లాగి, తృప్తిగా దగ్గి, మళ్లీ పైకి పెట్టుకునేవాడు. ఇచ్చిన మాస్కు పాడుచేయకూడదని కాబోలు. నేను మాత్రం ఏం తక్కువ? శాండ్‌విచ్ ఇస్తే మాస్కు గడ్డం కిందికి దించి, కబుర్లు చెబుతూ మెల్లగా తిన్నాను.

దిగేటప్పుడు "పాపని ఎత్తుకోండి మేడమ్, పేరు మంచిది పెట్టండి" అన్నాడు. "మీరూ ఎత్తుకోండి" అన్నాను. ఆ రాత్రి విశాఖలో లాడ్జిలో పడుకుని కాగితం మీద పద్దెనిమిది పేర్లు రాసుకున్నాను.

సొరంగాల రైలు

పొద్దున్నే కిరండూల్ రైలెక్కాను. శృంగవరపుకోట దాటాక కొండెక్కడం మొదలుపెడుతుంది. ఒక సొరంగం, కాసేపు లోయ, మళ్లీ సొరంగం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేస్తారు. నా మాస్కు చూసి ఎదుటి సీటువాళ్లు లేచి వెళ్లిపోయారు, నాకు కిటికీ దొరికింది. ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తు కొన్నాను, ఉప్పూ కారం నిమ్మకాయతో రుద్ది ఇచ్చారు. మా హైదరాబాదులో కాల్చినవే దొరుకుతాయి.

పొత్తు సగం తినేసరికి ఫోను మోగింది. ఆడగొంతు, ఆరోగ్యశాఖ నుంచి. నా పేరు, సీటు నంబరు చదివింది.

"మీ పక్క సీటాయన్ని నిన్న రాత్రి ఆస్పత్రిలో చేర్చుకున్నామమ్మా. స్వైన్ ఫ్లూ అని అనుమానం. మీరు ఏడు రోజులు ఎవరితోనూ కలవకుండా ఉండాలి. ముఖ్యంగా చిన్నపిల్లల దగ్గరకి..."

సొరంగం వచ్చింది, ఫోను తెగిపోయింది. సొరంగం దాటగానే మళ్లీ మోగింది. చేతిలో పెట్టుకుని చూశాను. ఇంకో సొరంగం వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఫోను ఆపేసి సంచిలో అడుక్కి తోసేశాను. సిగ్నలు లేదని అందరికీ చెప్పొచ్చు కానీ, ఆపింది నేనే. వినాల్సింది అప్పటికే విన్నాను.

ఆ కాగితాలు ఎవరో చదివారన్నమాట.

అరకులో దిగేదాకా నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. మాస్కు పెట్టుకునే ఉన్నాను, శాండ్‌విచ్ తిన్నంతసేపు తప్ప. అనుమానమే కదా, తేలలేదు కదా. తొమ్మిదేళ్ల తర్వాత అది రమ్మంటే గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతే, ఇంకా కోపం పోలేదనుకోదూ? చివరి మాట దగ్గర మాత్రం నిజంగా ఏడుపు వచ్చింది.

జీపులో

అరకు నుంచి పెదబయలు వైపు వెళ్లే జీపులో మనుషులు, మేకలు, కిరసనాయిలు డబ్బాలు. నా పక్కన ఒక కొట్టు యజమాని ఇరుక్కున్నాడు. మైదానం నుంచి వచ్చి ఇక్కడే ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టెలు అమ్ముకుంటున్నాడట. ఏ ఊరెళ్తున్నారని అడిగితే చెప్పాను. ఊరి పేరు ఇక్కడ రాయను, వాళ్లకు ఇష్టం ఉండదు.

"ఆ ఊరు కట్టేసినారు కదమ్మా" అన్నాడు.

"కట్టేయడం ఏమిటి?"

"పక్కూరిలో జొరాలు. అందుకని దారికి అడ్డంగా గడ కట్టేత్తారు. మూడ్రోజులు అడక్కుండా ఎవుల్నీ లోపలికి రానీరు, ఊరోలు ఎవులూ బయటికి రారు. ఎవులైనా వత్తే ఊరి రాయి కాడ నిలబెట్టి అడుగుతారు, దారిలో ఏటైనా తగిలిందా అని. తగిలిందంటే బయటే గుడిసె. నేదంటే లోపలికి."

"లేదని అబద్ధం చెబితే?"

ఆయన నవ్వాడు. "ఏటి సెప్పినా నమ్మేత్తారమ్మా. నేనెప్పుడూ నేదనే సెప్తాను. అయితే మూతికున్నది తీసెయ్యండి. అది సూత్తే జబ్బు మనిసనుకుంటారు, గడ ఎత్తరు."

మాస్కు తీసి సంచిలో పెట్టాను. ఎక్కడ పెట్టుకోవాలో సరిగ్గా అక్కడే తీసేశాను. ఇప్పుడు రాస్తుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

వెదురు గడ

జీపు దిగి అరగంట బురదలో నడిచాను. ఒకసారి జారి కూర్చున్నాను, చీర వెనకంతా ఎర్రమట్టి. కొండవాలున పచ్చని మడులు దాటాక దారి మధ్యలో నిలబెట్టిన రాయి, దాని పక్కనే అడ్డంగా వెదురు గడ కనిపించాయి. గడకు విస్తళ్లు కుట్టే అడ్డాకులు గుచ్చి వేలాడదీశారు. ఒక చివర తాడు, దానికి రెండు ముడులు. రోజుకో ముడి అని తర్వాత తెలిసింది.

రాయి దగ్గర డెబ్బై ఏళ్ల ముసలావిడ కూర్చుని ఉంది. ముక్కుకు మూడు కమ్ములు. చుట్ట కాలే వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తోంది, మా నాయనమ్మ కూడా అలాగే అడ్డపొగ తాగేది. ఆవిడ పేరు బుద్రమ్మ. ఊరికి మంచీచెడూ చెప్పేది ఆవిడే.

"నర్సమ్మ అక్కవా?"

"అవును."

ఆవిడ చుట్ట తీసి పక్కన పెట్టింది. లేచి నిలబడి, నా కళ్లలోకి చూస్తూ అడిగింది.

"దారిలో ఏటైనా తగిలిందా అమ్మా?"

ఎయిర్‌పోర్టులో కాగితం అడిగింది. ఇక్కడ మనిషి అడుగుతోంది. గడకు అవతల ముప్ఫై గజాల దూరంలో పెంకుటింటి అరుగు మీద మా వసంత లేచి నిలబడటం కనిపించింది. నడుం లావైంది, జుట్టు ముందు తెల్లబడింది. చేతుల్లో తెల్లటి గుడ్డ మూట.

"నేదు" అన్నాను. ఆవిడ భాషలోనే అన్నాను.

బుద్రమ్మ ఇంకేమీ అడగలేదు. చెంబుతో నా కాళ్ల మీద నీళ్లు పోసి, గడ ఎత్తింది. అంత సులువుగా ఎత్తుతుందని నేను అనుకోలేదు. సామాను వెతుకుతుందనో, నుదురు పట్టుకు చూస్తుందనో అనుకున్నాను.

ఆ ముప్ఫై గజాలూ నడిచాను. వసంత అరుగు దిగి ఎదురొచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ గుడ్డ మూట నా వైపు చాచింది. పిల్ల మొహం నా పిడికిలంత ఉంది. కళ్లు మూసుకుని నోరు చప్పరిస్తోంది. నా చేతులు వాటంతట అవే లేచాయి, లేచి ఆగిపోయాయి.

"ఒసే, ఆగు. దగ్గరకి రాకే" అన్నాను.

నాలుగు అడుగులు వెనక్కి వేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా చెప్పాను. ఓడ మనిషి, దగ్గు, ఫోను. వసంత పిల్లను గుండెకు హత్తుకుని, నర్సు అడిగినట్టు అడిగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్న. రైల్లో."

"ఇప్పుడు సాయంత్రం అయిదు."

"అవును."

"పొద్దున్నించి తెలిసే వచ్చావు." అంతే అంది. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

తడిక గుడిసె

మా మరిది బలరాం దూరంగా నడుస్తూ నన్ను మళ్లీ గడ దాటించాడు. అప్పటికి ఊరంతా వచ్చేసింది. బుద్రమ్మ తాడు అందుకుని, వేసిన రెండు ముడులూ విప్పేసింది. గడ దాటి జబ్బు లోపలికొస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి. మర్నాటికి విప్పాల్సిన ఊరు ఇంకో మూడు రోజులు కట్టేసినట్టే. అంటే శుక్రవారం అరకు సంతకు ఎవరూ వెళ్లలేరు. వెదురు కొమ్ములు, అంటే లేత మొలకలు, తవ్వి గంపలకెత్తి పెట్టుకున్నారట, అవి ఆగవు.

గుంపులో ఒకతను నా వైపు వేలు చూపిస్తూ వాళ్ల భాషలో గట్టిగా ఏదో అన్నాడు. నాకు అర్థం కావాలనే కాబోలు, బుద్రమ్మ తెలుగులో జవాబు చెప్పింది.

"అడిగినాం, సెప్పింది. అడగడంలో మన తప్పు నేదు. సెప్పడంలో తప్పు దానిది. తడికలు అట్రా."

గంటలో గుడిసె లేచింది. గడకు పదిహేను అడుగుల దూరంలో నాలుగు గుంజలు, తడికలు, పైన అడ్డాకులు. లోపల ఎండుగడ్డి పరిచి, నిప్పు పెట్టి, నీళ్ల కుండ దించారు. నా వల్ల సంత పోగొట్టుకున్నవాళ్లు నా కోసం గుడిసె కడుతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాను. వాళ్లు నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది.

మాస్కు బయటికి తీసి పెట్టుకున్నాను. బుద్రమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"నూర్పిళ్లప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతాం, గింజలు తినీకుండా. నీకెందుకమ్మా?"

"నా ఊపిరి ఎవరికీ తగలకుండా."

"మరి గడ దాటినప్పుడేటి, సంచిలో పెట్టినావా?" అంది. ఆవిడకు అన్నీ తెలుసు. తర్వాత, "పందుల జొరమంటన్నారు రేడియోలో. మా పందులకేటీ నేదు. వాటిని పట్టుకుపోతారేటి?" అని అడిగింది. ఆ ఊళ్లో ఇంటికి రెండు పందులున్నాయి. పట్టుకుపోరని, ఇది మనుషుల నుంచి మనుషులకే వస్తుందని చెప్పాను. "అదీ నిజమేనా?" అంది. ఒట్టు వేసినంత పని చేశాను.

తిండి పూటపూటకీ వచ్చేది. పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం సామల అన్నం, దాంతో వెదురు కొమ్ముల కూర. రాత్రి మళ్లీ వెదురు కొమ్ముల కూర. సంతకు పోని గంపలన్నీ ఊరంతా కూర వండుకుంటున్నారు మరి. ఆకు దొన్నెలో తెచ్చి రాయి మీద పెట్టి వెళ్తే, నేను వెళ్లి తీసుకోవాలి. ఎవరింట్లో నీళ్లు ముట్టనన్నానో ఆ ఇంటి అంబలి దొన్నె నాకి మరీ తాగాను. కాఫీ అడిగితే బలరాం నవ్వాడు. గింజలు అమ్మడానికే వదినగారూ, ఇక్కడ ఎవరూ తాగరు అన్నాడు.

రెండు రోజులు వసంత కనిపించలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రానికి పళ్లు టకటకలాడుతున్నాయి. ఇక అయిపోయిందనుకున్నాను. నా ప్రాణం గురించి కాదు. ఆ నాలుగు అడుగుల దూరంలో పిల్ల నోరు తెరిచి చప్పరించడమే కళ్ల ముందు తిరిగింది.

కబురు ఎలా వెళ్లిందో, చీకటి పడేలోపు వసంత గడ దగ్గర నిలబడి ఉంది. మూతికి తెల్లగుడ్డ. రాయి మీద థర్మామీటరు, మాత్రలు పెట్టి వెనక్కి జరిగింది.

"నాలుక కింద పెట్టుకో. నోరు మూసుకో."

ఆ రెండో మాట తొమ్మిదేళ్ల క్రితమే అనాల్సింది.

"నూట రెండు" అని అరిచాను.

"మాత్ర ఒకటి వేసుకో. నీళ్లు బాగా తాగు. ఊపిరాడకపోతే కుండ మీద గరిటతో కొట్టు, జీపు పిలిపిస్తాం."

"పాప ఎలా ఉందే?"

"పాలు తాగుతోంది. వెచ్చబడలేదు. గంటగంటకీ చూస్తున్నా." మూతి గుడ్డ సర్దుకుంది. "రెండ్రోజులుగా నిద్దర్లేదక్కా. నువ్వొస్తున్నావని ఇల్లు అలికాను. నువ్వే తెచ్చిపెట్టావనుకుంటే..."

"తిట్టవే."

"తిట్టను. తిడితే నీకు హాయిగా ఉంటుంది." వెళ్లిపోయింది. వెళ్లిన పది నిమిషాలకు దుప్పటి పంపించింది.

ఆదివారం

పేరు పెట్టడానికి అనుకున్న రోజు ఆదివారం. నాకు జ్వరం తగ్గలేదు, గొంతు బొంగురు. శనివారమే ఊరి కట్టు విప్పేశారు, నాకు మాత్రం వేరే తాడు, ఏడు ముడులు. ముహూర్తం దాటించొద్దని బలరాం అన్నాడట. వసంత పిల్లను ఎత్తుకుని అరుగు మీదికి వచ్చింది. మా వైపు పేరు బియ్యంలో రాసి పిల్ల చెవిలో మెల్లగా చెబుతారు. నేను ముప్ఫై అయిదు గజాల దూరం నుంచి చెప్పాలి, పైగా వాన.

ముందు నా కాగితంలో మొదటి పేరు అరిచాను, "హిరణ్మయి" అని. గాలికి కొట్టుకుపోయింది. "శ్రీవైష్ణవి" అన్నాను. మధ్యలో దగ్గు వచ్చి ఆగిపోయాను. వానకు కాగితం ముద్దయిపోయింది. పద్దెనిమిది పేర్లూ సిరా మరకైపోయాయి. రాయి దగ్గర గొడుగు పట్టుకుని కూర్చున్న బుద్రమ్మ విసుక్కుంది.

"అంత పొడుగెందుకే గుంటకి? మడిలోంచి ఇంటికి పిలిత్తే ఇనబడాల కదా."

రెండు చేతులూ నోటికి ఆనించి, ఊపిరంతా కూడగట్టి అరిచాను.

"తార!"

ఊరంతా విన్నది. కొండ మళ్లీ ఒకసారి పలికింది. వసంత వంగి ఆ పేరే పిల్ల చెవిలో చెప్పడం కనిపించింది. వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఏడో రోజు

సోమవారానికి జ్వరం దిగిపోయింది. పాపకు ఏమీ రాలేదు. బుధవారం పొద్దున్న బుద్రమ్మ ఏడో ముడి వేసి, చుట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది. అరుగు మీద వసంత పాపతో సిద్ధంగా ఉంది. కొత్త చీర కట్టుకుంది.

"ఏటైనా ఉందా అమ్మా?"

అదే చూపు. మొదటిసారి అబద్ధం చెప్పినదాన్ని అదే చూపుతో అడుగుతోంది. ఏదంటే అది నమ్మడానికి మళ్లీ సిద్ధంగా ఉంది. లేదనేస్తే గడ లేస్తుంది. జ్వరం తగ్గి రెండు రోజులైంది, నన్ను తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు.

"రాత్రి రెండుసార్లు దగ్గాను" అన్నాను.

బుద్రమ్మ తల ఊపింది. గడ ఎత్తలేదు. వసంత అరుగు మీదే కూర్చుండిపోయింది. నాకు శుక్రవారం విమానం, సోమవారం స్కూలు. గురువారం పొద్దున్న పాపను దూరం నుంచే చూసి, దూరం నుంచే వసంతకు దణ్ణం పెట్టి బయలుదేరాను. ఆ ఫోటో అప్పుడు బలరాం తీసిందే. జీపులో వెనక సీటు చివర కూర్చుని, మాస్కు కళ్ల దాకా లాక్కుని, అరకు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మళ్లీ అదే బల్ల

ఎయిర్‌పోర్టులో అదే రకం బల్ల, అదే కాగితం. గత పది రోజుల్లో జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నాయా? పెన్ను పట్టుకుని నిలబడ్డాను. వెనక ల్యాప్‌టాప్ సంచీ వేసుకున్న ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు.

"మేడమ్, లేదని పెట్టేయండి. ఎవరు చూస్తారు?"

"చూస్తారండీ" అన్నాను. ఉంది అనే గడిలో టిక్కు పెట్టాను.

నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. విమానం నన్ను వదిలేసి వెళ్లిపోయింది. ఆస్పత్రిలో గొంతులోంచి శాంపిలు తీసి, లాడ్జి గదిలోనే ఉండమన్నారు. అక్కడి నర్సమ్మను ఓడ మనిషి గురించి అడిగాను. జ్వరం తగ్గి ఇంటికి వెళ్లాడట, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారట. ఆ మాట వినేదాకా ఆయనను ఆ లైనులో ముందుకు తోసింది నేనని ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నర్సమ్మకు చెప్పాను. ఆవిడ రాసుకుంది.

మా హెడ్మిస్ట్రెస్‌కు ఫోను చేసి సెలవు పొడిగించమంటే అరగంట క్లాసు పీకింది. రోజూ సాయంత్రం వసంత సిగ్నలు కోసం గుట్టెక్కుతుందని తెలిసి, ఆ వేళకు దానికీ చేశాను. విమానం పోయిందని చెప్పాను.

"బుద్రమ్మ గుడిసె విప్పనివ్వలేదక్కా" అంది. "దగ్గు తగ్గగానే వత్తాదిలే, ఉంచండి అందట."

మళ్లీ రాయి దగ్గర

రెండు రోజులకు నా రిపోర్టు వచ్చింది, ఏమీ లేదని. మొదట వచ్చిన జ్వరం అదేనో, వానాకాలం జ్వరమో ఇప్పటికీ తెలియదు. దగ్గు పూర్తిగా పోయాక ఇంకో రెండు రోజులు ఆగి రైలెక్కాను. ఈసారి సొరంగాల్లో ఫోను ఆపలేదు.

బుద్రమ్మ రాయి దగ్గరే ఉంది. నా చేతిలో రిపోర్టు కాగితం చూసి, అదెందుకన్నట్టు చేయి ఊపింది. చుట్ట పక్కన పెట్టి లేచింది.

"ఏటైనా ఉందా అమ్మా?"

"నేదు."

కాళ్ల మీద నీళ్లు పోసి గడ ఎత్తింది. ముప్ఫై గజాలు నడిచాను. అరుగు ముందు ఆగి, నా మూడో మాస్కు, చివరిది, పెట్టుకున్నాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి, అప్పుడు వసంత పాపను నా చేతుల్లో పెట్టింది. బరువే లేదు. వసకొమ్ము వాసన, సాంబ్రాణి వాసన. "తారా" అన్నాను మెల్లగా, ఈసారి చెవి దగ్గరే. అది కళ్లు తెరిచి నా కళ్లజోడు వైపు చూసింది. నా కళ్లలోంచి ధార కట్టింది, మాస్కంతా తడిసిపోయింది.

వసంత కూడా ఏడుస్తూనే చూస్తోంది. అంతలోనే నర్సు గొంతు వచ్చేసింది దానికి.

"తడిసిన మాస్కు పనికిరాదక్కా. పిల్లని ఇటియ్యి. ఇంకోటి మార్చుకుని ఎత్తుకో."